గాయమునకు తగిన కట్టు

కోతలనాడు కొడవలి తెగినను, కాలిలో తుమ్మముల్లు దిగినను, బెల్లపుపాకము చేతిపై చిందినను మనవారు చేయునది యొక్కటే. పాతపంచె చింపి, పసుపో కాఫీపొడియో అద్ది, బిగించి కట్టుదురు. ఈ మూడును వేర్వేరు గాయములు. వీనికి వేర్వేరు కట్లు కావలెను.

కొడవలిగాటునకు తొలిపని రక్తము నాపుట. శుభ్రమైన గుడ్డను మడిచి గాయముపై నదిమి, నడుమ తీసి చూడక, పది నిమిషములు పట్టవలెను. గుడ్డ తడిసినచో దానిపైననే మరియొకటి వేయవలయును గాని తొలిదానిని లాగరాదు. గాటు పైపైది యైనచో మంచినీటితో కడిగి పొడి గాజుగుడ్డ కట్టిన చాలును. అంచులు విడివడినచో కుట్లకై వెంటనే వైద్యశాలకు పోవలెను.

చర్మము గీరుకొనిపోయిన చోట పొడిగుడ్డ పనికిరాదు. అది పుండునకంటుకొని, విప్పునపుడు క్రొత్తచర్మమును ఊడదీయును. దూది యంతకన్న చెడ్డది; దాని పోగులు లోపల నిలిచిపోవును. ఇచ్చట వాసలీను పూసిన గాజుగుడ్డ తగును. గాలి తగిలి యెండిననే పుండు మానునని మనలో నొక నమ్మకము కలదు. 1962లో జార్జి వింటరు అను శాస్త్రజ్ఞుడు పందులపై పరీక్షించి, పలుచని పొరతో కప్పి తడి నిలిపిన గాయములపై చర్మము దాదాపు రెట్టింపు వేగముతో పెరుగుట చూపెను.

కాలిన చోట నిరువది నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలెను. మంచుగడ్డ, సిరా, పండ్లపేస్టు కూడవు. బొబ్బలు చిదుపరాదు. పిదప అంటుకొనని కట్టు వేయవలెను. అరటితోటలు గల రైతులకు వింతయగు సంగతి యొకటి కలదు. 2003లో ప్రకటింపబడిన పరిశోధనయందు ముంబయి వైద్యులు శుద్ధిచేసిన అరటియాకును కాలిన గాయములపై వాడి, వాసలీనుగుడ్డకంటె నొప్పి తక్కువగా నుండుట కనుగొనిరి. అట్లని తోటలోని యాకును కోసి తెచ్చి కప్పరాదు.

ముల్లు, మేకు దిగిన గాయము చూపునకు చిన్నది. మిక్కిలి భయపడవలసినది దీనికే. మట్టిలోను పేడలోను నుండు ధనుర్వాతబీజములు గాలి చొరని లోతున వృద్ధియగును. కావున రంధ్రమును బిగించి మూయక, బాగుగ కడిగి, వదులుగా కప్పి, ధనుర్వాతపు సూది విషయమై ఆనాడే వైద్యుని సంప్రదింపవలెను. సున్నము, పేడ ఎన్నడును పూయరాదు.

చీము కారు పుండునకు మందమైన కట్టు వేసి, తడిసినప్పుడెల్ల మార్చవలెను. ఎఱ్ఱదనము ప్రాకినను, జ్వరము వచ్చినను ఇంటికట్టుతో తీరదు. మధుమేహము గలవారు నొప్పి లేదుగదా యని కాలిపుండు నొక్కదినమైనను ఉపేక్షింపరాదు. నరములు చెడి నొప్పి తెలియకపోవుట ఆ వ్యాధిలో తఱచు కలుగును. ఆలస్యమున కాలు తీసివేయవలసి వచ్చిన వారు కలరు.

కోతలకు ముందుగా సంఘపు గిడ్డంగిలో నొక పెట్టెయందు సబ్బు, గాజుగుడ్డలు, వాసలీనుగుడ్డ పొట్లములు, చుట్టుగుడ్డలు ఉంచుటకగు ఖర్చు స్వల్పము.