ఫ్రిజ్‌ మీద టైంటేబుల్‌

మే నెల దగ్గర పడుతోందంటే ఇక్కడ హైస్కూల్‌ పిల్లలున్న మన ఇళ్లలో ఏపీ పరీక్షల హడావుడే. ఏపీ అంటే మన ఆంధ్రా కాదు, కాలేజ్‌ బోర్డు నిర్వహించే అడ్వాన్స్‌డ్‌ ప్లేస్‌మెంట్‌. 5కి 3, 4 తెచ్చుకుంటే చాలా యూనివర్సిటీల్లో క్రెడిట్‌ దొరుకుతుంది. మా అమ్మాయికి కెమిస్ట్రీ మాక్‌ టెస్ట్‌లో 2 వచ్చింది.

మేముండేది డాలస్‌ పక్కన ఫ్రిస్కోలో. నేను గుంటూరులో ఇంటర్‌ చదివాను. తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించిన హాస్టల్‌ అలవాటు ఇంకా పోలేదు. ఎక్సెల్‌లో టైంటేబుల్‌ వేసి ఫ్రిజ్‌కి అంటించాను. తొమ్మిది యూనిట్లు, యూనిట్‌కి నాలుగు రోజులు. మూడో రోజుకే తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు.

చివరికి తనే వచ్చింది. ‘‘నాన్నా, అన్నిటికీ సమానంగా పంచేశావేంటి? మూడో యూనిట్‌ ఒక్కదానికే 18 నుంచి 22 శాతం. యాసిడ్లు, బేసుల యూనిట్‌కి 11 నుంచి 15. మిగతావన్నీ తలా 7 నుంచి 9!’’

కాలేజ్‌ బోర్డు వెబ్‌సైట్లో ఇదంతా ఉంది. నేనే చూడలేదు.

తన పద్ధతీ సరిగ్గా లేదు లెండి. పసుపు హైలైటర్‌తో చదివిందే చదవడం. సెయింట్‌ లూయిస్‌లోని వాషింగ్టన్‌ యూనివర్సిటీలో రోడిగర్‌, కార్పికే 2006లో చేసిన ప్రయోగం గురించి చెప్పాను. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత బాగానే గుర్తుంది. కానీ వారం గడిచాక, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు.

ఇప్పుడు పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాస్తోంది. తప్పిన చోటుకి మూడు రోజులకోసారి, వారానికోసారి తిరిగొస్తోంది. ఆదివారం మాత్రం పాత ప్రశ్నపత్రం. ఏడు ప్రశ్నలు, 105 నిమిషాలు. మార్కులెలా వేయాలో చెప్పే గైడ్‌ కూడా కాలేజ్‌ బోర్డు ఉచితంగానే ఇస్తుంది. దాన్ని పక్కన పెట్టుకుని దిద్దడం నా డ్యూటీ. మొదటి వారం తెలిసింది, అమ్మాయికి జవాబులు వచ్చు, కారణం రాయడం లేదు. మార్కులేమో ఆ కారణానికే.

నిర్వచనాలు గడగడా అప్పజెప్పిన నాకు ఆ ‘ఎందుకు’లు సగం తెలియవు. అడిగితే తనే చెబుతోంది, చెబుతూ ఎక్కడో ఆగిపోయి, ‘‘ఉండు నాన్నా’’ అంటూ మళ్లీ కాగితం తీసుకుంటోంది. పదిన్నరకల్లా లైటు ఆర్పేస్తోంది. నాలుగింటికి మాత్రం ఇప్పటికీ నాకే మెలకువ వస్తోంది.