నల్లరంగు కోసం ఒక డ్రమ్ము

కొత్తగూడెంలో పచ్చి బొగ్గు పొయ్యి ఎరిగినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు, ఆ పొగ పట్టిన తిండి నోట పెట్టలేం. ఇంగ్లండులో మాల్ట్ చేసేవాళ్లదీ ఇదే బాధ. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. కట్టెల మంట మీద ఆరబెడితే ముదురు రంగుతో పాటు పొగవాసనా అంటేది. 17వ శతాబ్దంలో డెర్బీషైర్‌వాళ్లు బొగ్గును కోక్‌గా కాల్చి వాడాక పొగ లేని లేతరంగు మాల్ట్ వచ్చింది.

కానీ లండన్ జనం మరిగింది నల్లటి పోర్టర్ బీరు. అందులో గట్టిదే స్టౌట్. 1780ల్లో బ్రూవరీల్లోకి, ద్రవంలో చక్కెర ఎంతుందో తేల్చే హైడ్రోమీటర్ వచ్చి గుట్టు బయటపెట్టింది. ముదురు మాల్ట్ నుంచి దిగే చక్కెర లేతదాని కంటే బాగా తక్కువ! వ్యాపారులు లేత మాల్ట్‌కు మారారు, బీరు తెల్లబోయింది. మాడ్చిన చక్కెరతో రంగు వేస్తే 1816లో పార్లమెంటు నిషేధించింది.

మరుసటి ఏడే, 1817లో, డేనియల్ వీలర్ అనే అతను మాల్ట్ వేపే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాఫీ గింజలు వేపే యంత్రంలాంటి ఇనుప డ్రమ్ము. అడుగున నిప్పు, లోపల మాల్ట్, ఆగకుండా తిప్పడం, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి. మంట గింజను తాకదు కాబట్టి పొగ చేరదు. ఈ నల్ల మాల్ట్ కొద్దిపాళ్లు కలిపితే చాలు, పీపా అంతా నల్లబడుతుంది. చక్కెర పని లేత మాల్ట్ చూసుకుంటుంది. డబ్లిన్‌లో గిన్నిస్ కూడా ఈ దారే పట్టింది. 20వ శతాబ్దంలో మాత్రం మొలకెత్తించని బార్లీనే వేపడం మొదలుపెట్టింది.

18వ శతాబ్దంలోనే లండన్ నుంచి రష్యా ఆస్థానానికి వెళ్లిన గట్టి స్టౌట్‌కు ఇప్పుడు ఇంపీరియల్ స్టౌట్ అని పేరు. ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం. ఇలాంటి బీరుకు పోటీల్లో మార్కులు వేయడానికి విరివిగా వాడే బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతల ధ్రువీకరణ కార్యక్రమం) పత్రంలో 50 మార్కులుంటే రుచికి 20, వాసనకు 12. రూపానికి, అంటే నురగ, తేటదనం, రంగు అన్నిటికీ కలిపి 3. రంగు కోసమే పుట్టిన యంత్రానికి ఇదేం న్యాయమో!

నిజానికి డ్రమ్ము పనితనం తేలేది మిగతా మార్కుల్లోనే. వేపుడు కుదిరితే కాఫీ, చేదు చాక్లెట్ వాసన. కాస్త శ్రుతి మించితే బూడిద రుచి, గొంతులో గీరుకునే వగరు. బాగా చల్లగా ఉంటే మంచి వాసనలు పైకి రావు, తప్పులూ దాక్కుంటాయి. అందుకే 10, 13 డిగ్రీల మధ్య రుచి చూడటం మేలు. మండే ఎండలో గడ్డకట్టేంత చల్లబీరు అడిగే మనవాళ్లకు ఇది మింగుడుపడకపోవచ్చు. పన్నెండు శాతం సరుకును గటగటా తాగే పనైతే ఎలాగూ లేదు.