సర్దుబాటు విద్యుత్ సరఫరా కిట్టు

సర్దుబాటు విద్యుత్ సరఫరా అనేది ఇంటిలోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును (ఏసీ) తక్కువ వోల్టేజి గల ఏకముఖ విద్యుత్తుగా (డీసీ) మార్చి, ఆ వోల్టేజిని అవసరాన్ని బట్టి పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి వీలు కల్పించే సాధనం. రేడియో, యాంప్లిఫైయరు, చిన్న మోటారు, ఎల్ఈడీ వంటి వాటిని పరీక్షించడానికి ఇది అవసరం. ఎలక్ట్రానిక్స్ అభిరుచి గల విద్యార్థులు సాధారణంగా తమ చేతులతో మొదట తయారు చేసుకునే పరికరం ఇదే. దీనికి కావలసిన విడిభాగాలు, అచ్చు వలయపు పలక (పీసీబీ) కలిపి కిట్టుగా అమ్ముతారు. కర్నూలు వారు హైదరాబాదులోని కోఠి నుండి, కడప వారు చెన్నైలోని రిచీ స్ట్రీట్ నుండి కూడా వీటిని తెచ్చుకుంటూ ఉంటారు.

కిట్టుతో పాటు వచ్చే సూచనల పత్రాలలోని అంకెలు సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ గది ఉష్ణోగ్రతకు, నిలకడగా ఉండే 230 వోల్టులకు లెక్కించినవి. రాయలసీమ వేసవిలో ఈ రెండూ అరుదు. డిసెంబరులో చక్కగా పనిచేసిన కిట్టు మే నెలలో మొరాయించడానికి చాలా సందర్భాలలో కారణం ఇదే కాని, కట్టినవారి చేతకానితనం కాదు.

భాగాలు, పనిచేసే విధానం

ఇందులో నాలుగు దశలు ఉన్నాయి. పరివర్తకం (ట్రాన్స్‌ఫార్మరు) 230 వోల్టులను 18 వోల్టులకు తగ్గిస్తుంది. నాలుగు డయోడుల వంతెన దానిని ఏకముఖం చేస్తుంది. దీనిని ఏకధిక్కరణి అంటారు. తరువాత వచ్చే పెద్ద కెపాసిటరు ఎగుడుదిగుడులను చదును చేస్తుంది. చివరగా నియంత్రకం (రెగ్యులేటరు) మనం కోరిన వోల్టేజిని నిలకడగా ఇస్తుంది.

చాలా కిట్లలో నియంత్రకంగా ఎల్ఎం317 అనే సమీకృత వలయాన్ని (ఐసీ) వాడతారు. దీనిని 1976లో నేషనల్ సెమికండక్టర్ సంస్థలో పనిచేస్తున్న రాబర్ట్ డాబ్‌కిన్ రూపొందించాడు. 2011లో ఆ సంస్థను టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనుగోలు చేసింది. దీనికి మూడు కాళ్ళు ఉంటాయి. అక్షరాలు మనకు కనిపించేలా, కాళ్ళు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుండి వరుసగా సర్దుబాటు, నిర్గమం (అవుట్‌పుట్), నివేశం (ఇన్‌పుట్) కాళ్ళు. అచ్చంగా ఇలాగే కనిపించే 7805లో ఈ వరుస నివేశం, భూమి, నిర్గమం. ఒకదాని స్థానంలో మరొకటి పెట్టడం కొత్తవారు తరచు చేసే పొరపాటు.

ఎల్ఎం317 తన నిర్గమం కాలికి, సర్దుబాటు కాలికి మధ్య ఎల్లప్పుడూ 1.25 వోల్టులు ఉండేలా చూసుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఒక స్థిర నిరోధాన్ని (ని1), సర్దుబాటు కాలికి భూమికి మధ్య ఒక చర నిరోధాన్ని (ని2, అనగా తిప్పే బిరడా గల పొటెన్షియోమీటరు) కలిపితే

నిర్గమ వోల్టేజి = 1.25 × (1 + ని2 ÷ ని1)

అవుతుంది. సర్దుబాటు కాలి నుండి వచ్చే సుమారు 50 మైక్రోఆంపియర్ల ప్రవాహం వలన దీనికి కొద్దిగా చేరిక ఉంటుంది కాని, దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

కిట్లలో ని1 సాధారణంగా 240 ఓములు, ని2 5 కిలో ఓములు ఉంటాయి. సూత్రం ప్రకారం 27 వోల్టుల వరకు రావాలి. కాని 18 వోల్టుల పరివర్తకంతో, 1 ఆంపియరు భారం మీద, 17 వోల్టులకు మించి నిలకడగా రాదు. అంటే బిరడాను 60 శాతం తిప్పేసరికి పరిమితి చేరుతుంది, ఆ పైన తిప్పినా ప్రయోజనం ఉండదు. దీనిని దోషమని భ్రమపడి ఐసీని మార్చేవారు ఉన్నారు. ఎల్ఎం317 సక్రమంగా పనిచేయడానికి కొన్ని ఐసీల విషయంలో 10 మిల్లీఆంపియర్ల వరకు కనీస భారం కావాలి. అందువలన ని1ను 120 ఓములకు, ని2ను 2.2 కిలో ఓములకు మార్చుకోవడం మంచిది. అప్పుడు బయట ఏ భారమూ లేకపోయినా ని1 ద్వారానే ఆ ప్రవాహం దొరుకుతుంది.

నిర్మాణం

ముందుగా పలక మీద ఎత్తు తక్కువ గల నిరోధాలను, డయోడులను, ఆపై కెపాసిటర్లను, చివరగా ఐసీని అతకాలి. డయోడు మీద ఉన్న గీత ఋణ కొనను (కాథోడ్) తెలుపుతుంది. విద్యుద్విశ్లేష్య కెపాసిటరును తిరగేసి పెడితే వేడెక్కి పగిలిపోతుంది, కంటికి ప్రమాదం. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును ఐసీ నివేశం కాలికి వీలైనంత దగ్గరగా ఉంచాలి. సర్దుబాటు కాలి నుండి భూమికి 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు కలిపితే అలల నిరోధం సుమారు 65 డెసిబెళ్ళ నుండి 80 డెసిబెళ్ళకు పెరుగుతుంది. దానిని కలిపినప్పుడు ఐసీ రక్షణకు 1ఎన్4007 వంటి డయోడులు కూడా చేర్చాలి.

టంకం వేయడానికి 25 వాట్ల ఇనుము సరిపోతుంది. వేసవిలో పంకా కింద కూర్చొని టంకం వేయడం ఈ ప్రాంతంలో సహజం. కాని ఆ గాలికి ఇనుము మొన చల్లబడి టంకం సరిగా పారదు. పైకి అతికినట్లే కనిపించి లోపల అతకని ఇటువంటి కీళ్ళను మెకానిక్కులు డ్రై సోల్డరు అంటారు. మంచి కీలు నున్నగా మెరుస్తుంది, చెడ్డది బూడిద రంగులో గరుకుగా ఉంటుంది. టంకం వేసే కొద్ది నిమిషాలు పంకా ఆపడం ఉత్తమం. పని బల్లగా కడప బండ చాలా అనుకూలం. ఇనుము జారిపడినా కాలదు. అయితే బండ తడిసి ఉంటే విద్యుత్ అవాహకం కాదని గుర్తుంచుకోవాలి.

పరివర్తకం 1 ఆంపియరు ఏకముఖ ప్రవాహానికి 2 ఆంపియర్లది ఉండాలి. కెపాసిటరు ప్రతి అర్ధచక్రంలో కొద్దిసేపే, కాని బలంగా ప్రవాహాన్ని లాగుతుంది కాబట్టి 1 ఆంపియరు పరివర్తకం వేడెక్కుతుంది. దాని 230 వోల్టుల వైపు ఫ్యూజు తప్పనిసరి.

ఎండ ప్రభావం

నియంత్రకం తాను మిగిల్చిన వోల్టేజిని వేడిగా మారుస్తుంది. 18 వోల్టుల పరివర్తకం, 2200 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఉన్న కిట్టులో 1 ఆంపియరు భారం మీద ఐసీకి సగటున 21 వోల్టులు అందుతాయి. నిర్గమం 5 వోల్టులైతే మిగిలిన 16 వోల్టులు 16 వాట్ల వేడి అవుతాయి.

ఐసీ లోపలి ఉష్ణోగ్రత 125 డిగ్రీలు దాటరాదు. లోపలి స్ఫటికం నుండి పై లోహపు రేకు వరకు వాటుకు సుమారు 4 డిగ్రీలు, అభ్రకపు (మైకా) పలుచని రేకు, తెల్లని పేస్టు దాటడానికి మరొక డిగ్రీ, మొత్తం 5 డిగ్రీల భేదం ఏర్పడుతుంది. 16 వాట్లకు 80 డిగ్రీలు. 125 నుండి 80 తీసివేస్తే మిగిలేది 45. అంటే అల్యూమినియం రెక్కల హీట్ సింకు 45 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. గది ఉష్ణోగ్రత 25 ఉన్నప్పుడు పెద్ద హీట్ సింకుతో దీనిని సాధించవచ్చు. కర్నూలులోను కడపలోను మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 దాటడం మామూలు, కొన్ని రోజులు 45 వరకు చేరుతుంది. గాలే 45 డిగ్రీలున్నపుడు ఎంత పెద్ద హీట్ సింకైనా 45 కంటే చల్లగా ఉండలేదు. పెట్టెలో బిగిస్తే లోపలి గాలి ఇంకా వేడి. కాబట్టి ఆ పరిస్థితిలో ఈ కిట్టు 5 వోల్టుల వద్ద 1 ఆంపియరు ఇవ్వడం అసాధ్యం.

ఎల్ఎం317 లోపల ఉష్ణ రక్షణ ఉంది కాబట్టి వెంటనే కాలిపోదు. నిర్గమం పడిపోతుంది, చల్లబడగానే తిరిగి వస్తుంది. కొద్ది నిమిషాలు పనిచేసి ఆగి, మళ్ళీ పనిచేసే కిట్టుకు ముందుగా చూడవలసినది ఇదే.

దీనికి చవకైన పరిష్కారం 12, 18 వోల్టుల రెండు కొసలున్న పరివర్తకం, ఒక మార్పిడి స్విచ్చి. తక్కువ వోల్టేజి అవసరమైనపుడు 12 వోల్టుల కొస వాడాలి. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటరుతో అప్పుడు ఐసీకి సగటున 14 వోల్టులు అందుతాయి, 5 వోల్టుల నిర్గమం వద్ద వేడి 9 వాట్లకు తగ్గుతుంది. 9 వాట్లకు లోపలి భేదం 45 డిగ్రీలు. హీట్ సింకు 80 డిగ్రీల వరకు వేడెక్కవచ్చు, అంటే 45 డిగ్రీల గాలి కంటే 35 ఎక్కువ. వాటుకు 4 డిగ్రీల కంటే తక్కువ పెరిగే మధ్యరకం హీట్ సింకుతో ఇది సాధ్యం. దానిని పెట్టె వెలుపల, రెక్కలు నిలువుగా ఉండేలా బిగించాలి. ఐసీ లోహపు రేకు నిర్గమం కాలికి లోపలే కలిసి ఉంటుంది కాబట్టి అభ్రకపు రేకు, మరకు ప్లాస్టిక్ వాషరు మరువరాదు.

వేడి కెపాసిటర్లకు కూడా శత్రువే. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు విద్యుద్విశ్లేష్య కెపాసిటరు ఆయుష్షు సుమారు సగమవుతుంది. 85 డిగ్రీల రకానికి బదులు 105 డిగ్రీల రకం కొంటే ధరలో తేడా స్వల్పమే.

తక్కువ వోల్టేజి

గ్రామాలలో బోరుబావుల మోటార్లు ఒకేసారి నడిచే వేళ ఇంటి వోల్టేజి బాగా తగ్గుతుంది. 180 వోల్టులకు దిగిందనుకుంటే 18 వోల్టుల కొస 14 వోల్టులే ఇస్తుంది. దాని శిఖర విలువ సుమారు 20. డయోడులలో 2 వోల్టులు పోగా 18. 2200 మైక్రోఫారడ్ల కెపాసిటరు మీద 1 ఆంపియరుకు అలలు సుమారు 4.5 వోల్టులు, కాబట్టి లోయలో మిగిలేది 13.5. నియంత్రకానికి కనీసం 2 వోల్టులు కావాలి. మిగిలినవి 11.5. ఫలితంగా 12 వోల్టులకు సర్దిన సరఫరా మీద రేడియో గుయ్‌మని రొద చేస్తుంది. ఐసీ బాగానే ఉంది, కెపాసిటరూ బాగానే ఉంది. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటరు వేస్తే అలలు సుమారు 2 వోల్టులకు తగ్గి ఈ రొద పోతుంది.

దోష నిర్ధారణ

కొత్త కిట్టును మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టరాదు. 60 వాట్ల ఫిలమెంటు బల్బును శ్రేణిలో (సీరీస్) కలిపి ఇవ్వాలి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే సరే. ప్రకాశవంతంగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్లు. తరువాత మల్టీమీటరుతో దశలవారీగా కొలవాలి. భారం లేనప్పుడు పరివర్తకం వద్ద ఏసీ 18కి కొంచెం పైన, పెద్ద కెపాసిటరు వద్ద డీసీ సుమారు 25, నిర్గమం వద్ద బిరడాను బట్టి 1.25 నుండి పైకి ఉండాలి. ఏ దశలో లెక్క తప్పిందో దోషం ఆ దశలోనే వెదకాలి. 230 వోల్టుల వైపు తాకవలసి వస్తే ప్లగ్గు తీసిన తరువాతే.

బిరడా తిప్పినా మారకుండా పూర్తి వోల్టేజి వస్తుంటే ని2 దారి ఎక్కడో తెగినట్లు. ఇది అన్నిటికంటే హానికరమైన దోషం, ఎందుకంటే 5 వోల్టుల పరికరానికి 20 వోల్టులకు పైగా అందుతుంది. బిరడా తిప్పుతుంటే వోల్టేజి గెంతుతూ ఉంటే పొటెన్షియోమీటరులో దుమ్ము చేరినట్లు భావించాలి. ఈ ప్రాంతపు గాలిదుమ్ముకు మూత లేని పెట్టెలో ఇది తొందరగా వస్తుంది.

భూమి తీగ

లోహపు పెట్టెను మూడు కాళ్ళ ప్లగ్గులోని భూమి తీగకు తప్పక కలపాలి. అయితే ఆ తీగ చేరే ఎర్తు గుంత కూడా పనిచేస్తూ ఉండాలి. ఎండిన నేల విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు. నల్లరేగడి నేలలు వేసవిలో నెర్రెలు విచ్చి గొట్టం నుండి విడిపోతాయి కూడా. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండటం ఇక్కడి అలవాటు. న్యూట్రలుకు, ఎర్తుకు మధ్య కొలిచినపుడు కొద్ది వోల్టులకు మించి కనిపిస్తే, కిట్టును లోహపు పెట్టెలో బిగించే ముందు ఎలక్ట్రీషియను చేత గుంతను పరీక్ష చేయించాలి.