రచయిత పక్షాన బేరమాడేదెవరు?

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలెన్నో తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. అయినా అక్కడి తెలుగు రచయిత తన నవల అచ్చు కోసం సాధారణంగా విజయవాడ, హైదరాబాద్‌ల వైపే చూడాలి. ప్రచురణకర్త పంపిన ఒప్పంద పత్రం చదివి మంచిచెడ్డలు చెప్పేవారు చేరువలో దొరకడం కష్టం.

ఆంగ్ల ప్రచురణ రంగంలో ఈ బాధ్యత లిటరరీ ఏజెంటుది. 19వ శతాబ్దం చివరి భాగంలో లండన్‌లో ఎ.పి. వాట్ దీనిని ఒక వృత్తిగా నిలబెట్టారు. ఏజెంటు రచయిత పక్షాన బేరమాడి, వచ్చిన ఆదాయంలో సాధారణంగా 15 శాతం తీసుకుంటారు. రచయితకు రాబడి లేకపోతే ఏజెంటుకూ లేదు. అందుకే ముందుగానే రుసుము అడిగేవారిని అనుమానించవలసిందే.

బేరమంటే రాయల్టీ శాతమేనని చాలామంది భావిస్తారు. అసలు చిక్కు ‘సమస్త హక్కులు’ అనే రెండు మాటల్లో ఉంది. ముద్రణ, అనువాదం, ఆడియో, ఈ-బుక్, సినిమా దేనికది వేరు హక్కు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ నేపథ్యంగా రాసిన నవలకు రేపు బెంగాలీ పాఠకులే ఎక్కువ కావచ్చు. ఏజెంటు ఉంటే తెలుగు ముద్రణ హక్కు మాత్రమే, అదీ గడువు పెట్టి ఇస్తారు. ఏటా అమ్మకాల లెక్క అడుగుతారు. ప్రతులు అయిపోయినా మళ్లీ అచ్చు వేయకపోతే హక్కు వెనక్కి వచ్చేలా షరతు రాయిస్తారు. లెక్కలు అడగడానికి మొహమాటపడే రచయితకు ఇదే పెద్ద మేలు. ప్రఖ్యాత హిందీ రచయిత వినోద్ కుమార్ శుక్లా సైతం తనకు అందుతున్న రాయల్టీ స్వల్పమని 2022లో బహిరంగంగా వాపోయారు.

మరి తెలుగులో ఏజెంట్లు ఎందుకు కనిపించరు? 200 రూపాయల పుస్తకం వేయి ప్రతులు అమ్ముడైనా, 10 శాతం రాయల్టీ 20 వేల రూపాయలే. అందులో ఏజెంటు వాటా 3 వేలు. అంతకు ఎవరు ముందుకు వస్తారు?

అంతవరకు ఆసరా 1957 నాటి కాపీరైట్ చట్టం. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా పరిగణిస్తారు. బదిలీ పొందినవారు ఏడాదిలోగా ఆ హక్కును వినియోగించకపోతే అది రద్దవుతుంది. అయితే ఒప్పందంలో వేరుగా రాసుకుంటే ఈ రక్షణలు వర్తించవు. ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలు కనిపిస్తే, సంతకానికి ముందే కొట్టివేయమని అడగవచ్చు.