సంక్రాంతికి చలి ఉండని తెలుగు ఊళ్లు



సంక్రాంతి అంటే మనకు తెల్లవారుజాము చలి, వాకిట్లో ముగ్గులు, ఆకాశంలో పతంగులు, నువ్వులద్దిన సజ్జరొట్టెలు. ఇదే పండుగను ఇదే రోజున నడివేసవిలో, చెమటలు తుడుచుకుంటూ చేసుకునే తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు మారిషస్ తెలుగువారు. శీతోష్ణస్థితి మనుషుల జీవితాన్ని ఎలా నడిపిస్తుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. పాఠ్యపుస్తకంలో రెండు పేరాల్లో ముగిసే ఈ విషయాన్ని ఇంట్లో మీరు కాస్త పొడిగించగలరని ఈ వ్యాసం రాస్తున్నాను.

వనపర్తి జిల్లా అంత దేశం

మారిషస్ హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ద్వీప దేశం. విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మన వనపర్తి జిల్లా అంత. 1834 నుంచి అక్కడి చెరకు తోటల్లో పనికి భారతీయులను ఒప్పంద కూలీలుగా ఓడల్లో తీసుకెళ్లారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లకు అక్కడ ‘కొరింగీలు’ అన్న పేరు వచ్చింది. పని కోసం ఊరు విడవడం అంటే ఏమిటో పాలమూరు వాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. నేడు మారిషస్‌లో ఉగాది జాతీయ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

తిరగబడిన కాలాలు

గద్వాల భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 16 డిగ్రీల దగ్గర ఉంటే, మారిషస్ దక్షిణాన 20 డిగ్రీల దగ్గర ఉంది. అందుకే మన చలికాలం వాళ్లకు వేసవి. అక్కడ ఉండేవి ముఖ్యంగా రెండే కాలాలు: నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వేడి, వాన; మే నుంచి అక్టోబరు వరకు చల్లగా, పొడిగా ఉండే శీతాకాలం. మన బడుల ఆవరణల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎర్రగా పూసే తురాయి చెట్టు అక్కడ డిసెంబరులో పూస్తుంది. మామిడిపండ్లు క్రిస్మస్ నాటికి బజారుకొస్తాయి. మనకు ఎండల్లో బడులు మూసి జూన్‌లో తెరిస్తే, వాళ్లకు కొత్త విద్యాసంవత్సరం జనవరిలో మొదలవుతుంది. అంటే పిల్లల పెద్ద సెలవులు కూడా ఎండను బట్టే వస్తాయి.

ఆ దేశాన్ని నిలబెట్టిన చెరకుదీ ఇదే కథ. వేడి, వాన ఉన్న నెలల్లో పెరుగుతుంది, చల్లని పొడి నెలల్లో తీపి పట్టుకుంటుంది. అందుకే కోతలు జూన్‌లో మొదలై డిసెంబరు దాకా సాగుతాయి. తుఫాను గాలికి చెరకు వంగినా మళ్లీ తేరుకోగలదు. ఆ దీవిలో శతాబ్దాలుగా ఆ పంట నిలవడానికి అదొక కారణం.

పండుగ వెళ్లింది, కాలం వెళ్లలేదు

ఓడ ఎక్కినవాళ్లు పంచాంగాన్ని వెంట తీసుకెళ్లగలిగారు కానీ వాతావరణాన్ని తీసుకెళ్లలేకపోయారు. సంక్రాంతి మనకు కందులు ఇంటికొచ్చే రోజుల్లో వస్తుంది. అక్కడ అప్పటికి చెరకు కోతలు అయిపోయి, కొత్త పైరు పెరుగుతూ ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. మనం ‘ఉత్తరాయణం, ఇక పగళ్లు పెరుగుతాయి’ అనుకునే సమయానికి వాళ్ల పగళ్లు తగ్గుతుంటాయి.

శివరాత్రికి మన దగ్గర చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోతుంది. అక్కడ అది వానలు, తుఫాన్ల కాలం. అయినా లక్షల మంది తెల్లబట్టలు కట్టుకుని, కొండల మధ్య ఉన్న గంగా తలావ్ అనే సరస్సుకు రోజుల తరబడి నడిచి వెళ్తారు. మన నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోని నీటిధార దగ్గరికి నడిచే భక్తులను గుర్తు చేసుకోండి. అక్కడ వానలో నడక, ఇక్కడ ఎండలో నడక; రెండూ నీటి దగ్గరికే.

జూన్‌లో వచ్చే మృగశిర కార్తె మనకు తొలకరి కబురు. ఆ దీవిలో అదే సమయానికి చలికాలం, చెరకు కోతలు. కార్తెను బట్టి విత్తనం వేసే మన లెక్క అక్కడి రైతుకు పనికిరాదు.

తుఫాను నేర్పిన అలవాట్లు

1960 ఫిబ్రవరిలో వచ్చిన ‘కారోల్’ తుఫాను వేలాది ఇళ్లను కూల్చేసింది. ఆ తర్వాత రేకు, కర్ర, గడ్డి ఇళ్ల స్థానంలో కాంక్రీటు ఇళ్లు పెరిగాయి. తుఫాను హెచ్చరికలు అక్కడ 1 నుంచి 4 వరకు అంకెల్లో ఉంటాయి. అంకెను బట్టి ఏం చేయాలో బడి పిల్లలకూ తెలుసు. 2024 జనవరి 15న, మనం పతంగులు ఎగరేస్తున్న సంక్రాంతి రోజునే, ‘బెలాల్’ తుఫాను వాళ్ల రాజధాని పోర్ట్ లూయిస్ వీధులను ముంచెత్తి కార్లను కొట్టుకుపోయేలా చేసింది.

మరి మన సంగతి?

మన పండుగలు మన వానలకు అతికినట్టు ఉంటాయి. నైరుతి గాలులు పడమటి కనుమలు దాటేసరికి తేమ చాలా వరకు అక్కడే కురిసిపోతుంది. అందుకే మన నడిగడ్డకు ప్రతి వానా అపురూపం. మారిషస్‌లోనూ ఆగ్నేయ గాలులు తూర్పు వైపు, మధ్య పీఠభూమి మీద కురిసి, పడమటి తీరాన్ని పొడిగా వదిలేస్తాయి. మనకు తొలి వానలతో ఏరువాక, ఆషాఢ శ్రావణాల్లో బోనాలు, వానలు వెనుదిరిగే వేళ తంగేడు, గునుగు పూసి బతుకమ్మ. చాంద్రమానం ఏడాదికి దాదాపు 11 రోజులు వెనుకబడుతుంది కాబట్టి, సుమారు 33 నెలలకోసారి అధిక మాసం చేర్చి మన పెద్దలు పండుగలను కాలాలకు కట్టిపడేశారు. అలా నెల చేర్చని హిజ్రీ లెక్కలో రంజాన్ అన్ని కాలాల్లోనూ తిరుగుతూ వస్తుంది.

మన పిల్లలకు ఈ పండుగల తేదీలు ఫోన్ చెబుతుంది. కారణం మాత్రం చెప్పదు. రేపు వీళ్లలో కొందరు ఆస్ట్రేలియాలో మారిషస్ వాళ్లలాగే ఎండాకాలపు సంక్రాంతి చేసుకోవచ్చు. పండుగకూ కాలానికీ ఉన్న సంబంధం ఇక్కడే తెలుసుకుంటే, అక్కడ ఏది పట్టుకోవాలో, ఏది మార్చుకోవాలో వాళ్లే నిర్ణయించుకోగలరు. తెలియకపోతే వాళ్లకు మిగిలేది ఒక సెలవు దినం, ఒక ఫొటో. మనం ఎంత ఫీజు కట్టినా ఈ పాఠం బడి ఒక్కటే చెప్పలేదు. దీనికి ఇంట్లో నానమ్మ, తాతయ్యలే మంచి టీచర్లు.

ఈ నెల ఇంట్లో చేయించండి

• తాతయ్యను లేదా అమ్మమ్మను అడిగి అయిదు కార్తెల పేర్లు, ఒక్కో కార్తెలో చేసే పని రాయించండి.

• తంగేడు, గునుగు, తురాయి ఎప్పుడు పూశాయో క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. ఏటా పోల్చి చూస్తే, కాలం మారుతోందో లేదో పిల్లలే చెబుతారు.

• గ్లోబు మీద గద్వాల, మారిషస్ చూపించి, “ఈ రోజు అక్కడ ఏ కాలం?” అని అడగండి.

రాసిన కాగితం పిల్లల చేత బడికి పంపండి. క్లాసులో అందరి కార్తెలూ కలిపి ఒక చార్టు చేస్తాం.