కుక్కపిల్ల తొలి రాత్రులు: క్రేట్ అలవాటు వెనుక ఉన్న శాస్త్రం

కొత్తగా ఇంటికి తెచ్చిన కుక్కపిల్ల పగలంతా హుషారుగానే ఉంటుంది. పెట్టింది తింటుంది, ఇంట్లో పిల్లల వెంట పరుగులు తీస్తుంది, అలసిపోతే ఎవరి ఒళ్లోనో నిద్రపోతుంది. రాత్రి దాన్ని క్రేట్‌లో పెట్టి, తలుపు వేసి, హాల్లో లైటు ఆర్పగానే పరిస్థితి మారిపోతుంది. సన్నటి మూలుగుతో మొదలైనది కాసేపటికే అరుపులవుతుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే పక్క ఫ్లాట్ వాళ్లకూ నిద్ర ఉండదు. ఇలా మూడు నాలుగు రాత్రులు గడిచేసరికి కొందరు దాన్ని బాల్కనీలోకి నెట్టేస్తారు. కొందరు కొట్టి నోరు మూయించాలని చూస్తారు. వారం తిరగకుండానే తెచ్చిన చోటికి పంపేసేవారూ ఉంటారు.

"ఏడిస్తే ఏడవనివ్వండి, రెండు రోజుల్లో అదే మానుకుంటుంది" అన్న సలహా తరచూ వినిపిస్తుంది. కుక్కపిల్లల ప్రవర్తన మీద 60 ఏళ్లకు పైగా జరిగిన పరిశోధనలు చూస్తే ఈ సలహా సరైనది కాదని అర్థమవుతుంది. రాత్రి ఏడుపు మొండితనం కాదు. అది ఒంటరిగా మిగిలిన పసి జంతువు తనవాళ్ల కోసం వేసే కేక. ఆ కేక వేయాల్సిన అవసరం రాకుండా చూడటమే క్రేట్ అలవాటు చేయడంలో అసలు పని.

క్రేట్ అంటే ఇనుప తీగలతో గానీ ప్లాస్టిక్‌తో గానీ చేసిన, తలుపు ఉన్న బోను. కరెంటు తీగలు కొరకకుండా, ఇల్లంతా మూత్రం పోయకుండా రాత్రిపూట కుక్కపిల్లను కాపాడటానికి, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడానికి ఇది పనికొస్తుంది. సరిగా అలవాటైతే కుక్కకు అదే విశ్రాంతి స్థలం అవుతుంది. తప్పుగా అలవాటు చేస్తే జైలు అవుతుంది.

ఆ ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది?

పుట్టినప్పుడు కుక్కపిల్లకు కళ్లు తెరుచుకోవు, చెవులు వినపడవు. ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. చిన్న శరీరానికి దాని పరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా బయటకు పోతుంది. అందుకే పిల్లలన్నీ తల్లి పొట్ట దగ్గర ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. అలా ముద్దగా పడుకుంటే గాలికి తగిలే ఉపరితలం తగ్గి, వేడి నిలుస్తుంది. మొదటి 8 వారాలూ కుక్కపిల్లకు నిద్ర అంటే పక్కన వెచ్చటి శరీరం, ఊపిరి చప్పుడు, తెలిసిన వాసన. ఇల్లు మారిన రోజు ఇవన్నీ ఒక్క సాయంత్రంలో మాయమవుతాయి.

అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల ఎదుగుదలను పరిశీలించి 1965లో ఒక పుస్తకంగా ప్రచురించారు. దాదాపు 3వ వారం నుంచి 12వ వారం వరకు కుక్కపిల్ల తోటి కుక్కలతో, మనుషులతో బంధం ఏర్పరచుకుంటుందని వారు తేల్చారు. స్కాట్ బృందం అధ్యయనాల్లో మరో విషయం బయటపడింది. తెలిసిన చోట ఒంటరిగా ఉంచినప్పటి కంటే తెలియని చోట ఒంటరిగా ఉంచినప్పుడు పిల్లలు చాలా ఎక్కువగా ఏడ్చాయి. మనం కుక్కపిల్లను ఇంటికి తెచ్చే వయసు సరిగ్గా ఈ బంధాల కాలంలోనే పడుతుంది. పైగా తెచ్చేది తెలియని చోటికి.

1978లో యాక్ పాంక్‌సెప్ అనే నాడీ శాస్త్రవేత్త, ఆయన సహచరులు మరో ప్రశ్న వేశారు. ఈ ఏడుపు వెనుక మెదడులో ఏ రసాయనాలు పనిచేస్తున్నాయి? తల్లి నుంచి వేరు చేసిన కుక్కపిల్లలకు అతి తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తే, మత్తు రాకుండానే ఏడుపు తగ్గింది. నొప్పిని తగ్గించే రసాయన వ్యవస్థకూ, తోడు దొరికినప్పుడు కలిగే ఊరటకూ మెదడులో దగ్గరి సంబంధం ఉందని ఆ ప్రయోగం సూచించింది. కుక్కపిల్లకు మందు ఇవ్వాలని దీని అర్థం కాదు. దాని బాధ నటన కాదని మాత్రమే.

మరి ఆ బాధ దేనితో తగ్గుతుంది? 1977లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒంటరి కుక్కపిల్లలకు ఆహారం, బొమ్మలు, మెత్తటి గుడ్డలు, తోడు మనిషి ఇలా ఒక్కొక్కటీ అందించి చూశారు. ఆహారంతో దాదాపు ఫలితం లేదు. మెత్తటి వస్తువులు కొంత ఊరటనిచ్చాయి. అన్నిటికంటే బాగా పనిచేసింది మనిషి దగ్గరుండటం. క్రేట్‌లో బిస్కెట్లు పడేసి వెళ్లిపోతే పిల్ల ఊరుకోకపోవడానికి కారణం ఇదే.

గుహ అంటే నాలుగు గోడలు కాదు

"కుక్కలు గుహల్లో ఉండే జాతి, కాబట్టి బోను వాటికి ఇష్టం" అని కొందరు చెబుతారు. ఇందులో సగమే నిజం. తల్లి కుక్క పిల్లలను పెట్టడానికి మూసినట్టుండే చోటు వెతుక్కుంటుంది. పిల్లలు ఎదిగాక ఆ చోటును వదిలేస్తాయి. పెద్ద కుక్కలు వీధిలో, అరుగు మీద, చెట్టు కింద ఆరుబయటే నిద్రపోతాయి.

కోల్‌కతాలోని ఐసర్ సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద చాలాకాలంగా పరిశోధనలు చేస్తోంది. వీధికుక్కలు పిల్లలను పెట్టే చోట్లను పరిశీలించి, ఆ వివరాలను 2016లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ప్రచురించింది. తల్లి కుక్కలు మనుషులకు దూరంగా కాకుండా, మనుషుల నివాసాలకు దగ్గరగా ఉండే చోట్లనే ఎంచుకుంటున్నాయని అందులో తేలింది.

దీని నుంచి గ్రహించాల్సింది ఒకటుంది. తల్లి పెట్టిన చోటుకు తలుపు ఉండదు, లోపల తల్లి ఉంటుంది. పిల్లకు భద్రతనిచ్చేది గోడల కంటే ఆ తోడే. ఖాళీ హాల్లో ఒంటరిగా పెట్టిన బోను ఎంత ఖరీదైనదైనా ఆ భద్రతను ఇవ్వలేదు.

పగలే మొదలుపెట్టాలి

తలుపు మూసిన క్రేట్‌ను కుక్కపిల్ల మొదటిసారి రాత్రిపూట చూడకూడదు. వీలైతే పిల్లను ఉదయమే, అదీ సెలవు రోజుల్లో ఇంటికి తెచ్చుకోవాలి. క్రేట్ తలుపును తెరిచి, టపటప కొట్టుకోకుండా తాడుతో కట్టేయాలి. లోపల మెత్తటి పాత దుప్పటి పరచాలి. తల్లి దగ్గర పరిచిన గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకుంటే మరీ మంచిది. తెలిసిన వాసన తెలియని చోటును కొంత తెలిసినదిగా మారుస్తుంది.

భోజనం క్రేట్ లోపలే పెట్టాలి. మొదట గిన్నె గుమ్మం దగ్గర, తర్వాత లోపలికి. పిల్ల తింటున్నప్పుడు కొన్ని క్షణాలు తలుపు మూసి, తినడం పూర్తి కాకముందే తీయాలి. ఆ క్షణాలను నిమిషం, అయిదు నిమిషాలు, పావుగంట వరకు పెంచుకుంటూ పోవాలి. పగటి కునుకులు కూడా అందులోనే అలవాటు చేయవచ్చు. తప్పు చేసినప్పుడు శిక్షగా మాత్రం అందులో పెట్టకూడదు.

క్రేట్ మరీ పెద్దది కాకూడదు. కుక్కపిల్ల నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉంటే చాలు. చోటు ఎక్కువైతే ఒక మూల పడుకుని, ఇంకో మూల మూత్రం పోస్తుంది. పెద్ద జాతి కుక్క అయితే పెద్ద క్రేట్ కొని, మధ్యలో అడ్డు పెట్టి, ఎదిగేకొద్దీ దాన్ని జరపవచ్చు.

రాత్రి క్రేట్ ఎక్కడ ఉండాలి?

మొదటి రాత్రుల్లో క్రేట్ మంచం పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి. పిల్ల మెలకువ వచ్చి కదిలినప్పుడు తీగల మీద వేళ్లు పెడితే వాసన చూసి మళ్లీ పడుకుంటుంది.

ఈ దగ్గరితనం ఎందుకు అవసరమో నిద్ర పరిశోధనలు చెబుతాయి. ఆస్ట్రేలియాలో ఆడమ్స్, జాన్సన్ అనే పరిశోధకులు 1993లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పెద్ద కుక్కలు కూడా రాత్రి ఏకబిగిన నిద్రపోవు. సగటున 16 నిమిషాలు నిద్ర, 5 నిమిషాలు మెలకువ చొప్పున 8 గంటల్లో 23 సార్లు నిద్రలేస్తాయి. అంటే మెలకువ రాకుండా ఆపలేం. మెలకువ వచ్చినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా లేదా అన్నదే ముఖ్యం.

కొన్ని రాత్రులు ప్రశాంతంగా గడిచాక క్రేట్‌ను రెండు అడుగుల చొప్పున దూరం జరపవచ్చు. మంచం నుంచి గది గుమ్మానికి, అక్కడి నుంచి హాల్లోకి. జరిపిన రాత్రి మళ్లీ ఏడుపు మొదలైతే తొందరపడ్డామని అర్థం. ఒక మెట్టు వెనక్కి వెళ్లి మరికొన్ని రాత్రులు ఆగాలి.

మూత్రాశయం లెక్క

ఏడుపులన్నీ ఒంటరితనం వల్ల రావు. కొన్ని మూత్రం కోసం వస్తాయి. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చేన్ని గంటలకు మించి కుక్కపిల్ల ఆపుకోలేదన్నది శిక్షకులు వాడే ఒక మోటు లెక్క. 2 నెలల పిల్లకు 3 గంటలు. అది ఏడ్చేదాకా ఆగకుండా, ఆ సమయానికి కొంచెం ముందే అలారం పెట్టుకుని లేవడం మేలు. రాత్రి భోజనం నిద్రకు రెండు మూడు గంటల ముందే ముగించి, పడుకోబెట్టే ముందు ఒకసారి బయటకు తీసుకెళ్లాలి. నీళ్లు మాత్రం గంటల తరబడి ఆపకూడదు. ఎండాకాలంలో అసలు ఆపకూడదు.

రాత్రి బయటకు తీసుకెళ్లినప్పుడు లైట్లు తక్కువగా, మాటలు తక్కువగా ఉండాలి. ఎప్పుడూ ఒకే చోటికి తీసుకెళ్లి, పని కాగానే మెల్లగా మెచ్చుకుని తిరిగి పడుకోబెట్టాలి. ఆటలు మొదలుపెడితే రేపటి నుంచి అర్ధరాత్రి ఆట కోసమే లేపుతుంది.

ఇక్కడ మన దగ్గర ఒక జాగ్రత్త అవసరం. కుక్కపిల్లలను చంపే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉండగలదు. టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోటికి పిల్లను దింపకూడదు. సొంత డాబా మీదో, బాల్కనీలో పాత పేపర్లు పరచిన ట్రేలోనో అలవాటు చేయవచ్చు.

క్రేట్‌లోనే పోసేస్తే తిట్టకుండా, వాసన పూర్తిగా పోయేలా కడగాలి. దుకాణంలో రోజుల తరబడి ఇరుకు బోనులో పెరిగిన పిల్లలకు పడుకున్న చోటే పోసే అలవాటు ఏర్పడి ఉంటుంది. వాటికి మరింత సమయం పడుతుంది.

ఏడిస్తే తలుపు తీయాలా?

ఎక్కువ ఇళ్లలో గొడవ జరిగేది దీని గురించే. వెంటనే వెళ్తే చెడిపోతుందని ఒకరు, పాపం వెళ్లమని ఇంకొకరు. చివరికి అరగంట ఓపిక పట్టి, ఆ తర్వాత తలుపు తీస్తారు. ఇది అన్నిటికంటే చెడ్డ మార్గం. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దక్కే అలవాటు, ప్రతిసారీ ఫలితం దక్కే అలవాటు కంటే మొండిగా నిలుస్తుందని బి.ఎఫ్. స్కిన్నర్, ఆయన తర్వాతి మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగాలు చూపించాయి. అరగంట తర్వాత తలుపు తీస్తే, అరగంట ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందనే కుక్కపిల్ల నేర్చుకుంటుంది.

కాబట్టి ఏడుపును గుర్తుపట్టడం నేర్చుకోవాలి. సర్దుకుంటూ చేసే చిన్న మూలుగైతే ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడవచ్చు. పక్కన మనిషి ఉంటే చాలావరకు అదే తగ్గుతుంది. గొంతు పెరుగుతూ, పిల్ల తీగలను గోకుతూ ఉంటే ఆగకూడదు. అది నేర్చుకునే స్థితి దాటి భయపడే స్థితికి వెళ్లింది. మూత్రం కోసమేమో చూసి, కాకపోతే పక్కన కూర్చుని నెమ్మదించనివ్వాలి. క్రేట్ మీద కొట్టడం, నీళ్లు చల్లడం, అరవడం వల్ల భయం క్రేట్‌తో ముడిపడుతుంది. ఏడ్చి ఏడ్చి చివరికి ఊరుకున్న పిల్ల ధైర్యం నేర్చుకుందని అనుకోవడానికి లేదు. అలసిపోయి ఉండవచ్చు.

ఉక్కపోతలో జాగ్రత్త

క్రేట్ మీద దుప్పటి కప్పితే చీకటిగా ఉండి నిద్రపడుతుందన్న సలహా చలి దేశాల నుంచి వచ్చింది. మన కోస్తా ఉక్కపోతలో అది ప్రమాదం కావచ్చు. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగునే ఉంటాయి. ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారా, అంటే నాలుక, శ్వాసనాళాల మీది తేమ ఆవిరవడం ద్వారా పోగొట్టుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరవడం మందగిస్తుంది. నాలుగు వైపులా కప్పిన క్రేట్‌లో కుక్కపిల్ల వదిలిన ఊపిరే లోపలి గాలిని తేమతో నింపేస్తుంది. పగ్, షిట్జూ వంటి చప్పిడి ముక్కు జాతులకు ముప్పు ఇంకా ఎక్కువ.

కప్పాలనుకుంటే పైనా వెనుకా పలచటి నూలు గుడ్డ చాలు. మిగతా వైపులు గాలి ఆడేలా తెరిచి ఉంచి, ఫ్యాను నడవాలి. పగలు ఎండకు కాలిన పడమటి గోడ పక్కన, బాల్కనీలో క్రేట్ పెట్టకూడదు. లోపల పెట్టేముందు మెడపట్టీ తీసేయాలి. అది తీగలకు చిక్కుకుంటే ఉరి పడుతుంది.

ఎప్పుడు ఆపాలి?

అన్ని కుక్కలకూ క్రేట్ సరిపడదు. మెల్లగా అలవాటు చేసినా రోజూ చొంగ కారుస్తూ, తీగలు కొరికి పళ్లకు, గోళ్లకు గాయాలు చేసుకుంటూ, లోపల తిండి ముట్టకుండా ఉంటే క్రేట్ ఆపి పశువైద్యుడిని కలవాలి. గదిలో ఒక మూల కంచె కట్టి, పరుపు వేసి ఉంచడం చాలా పిల్లలకు సరిపోతుంది. స్వీడన్, ఫిన్లాండ్ వంటి దేశాల్లో ఇంట్లో కుక్కను మామూలుగా మూసిన బోనులో ఉంచడంపై చట్టపరమైన ఆంక్షలున్నాయి. అంటే క్రేట్ లేకుండా కూడా కుక్కలు పెరుగుతాయి. రాత్రి మూసి, పగలు ఉద్యోగానికి వెళ్తూ మళ్లీ మూయడం మాత్రం ఏ కుక్కకూ తగదు.

పిల్లను తెచ్చే వయసు కూడా ముఖ్యమే. 8 వారాలలోపు పిల్లలను అమ్మకూడదని మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. ముద్దుగా ఉందని నెల పిల్లను తెచ్చుకుంటే దానికి అవసరమైనది క్రేట్ కాదు, తల్లి.

క్రేట్ అలవాటైందని చెప్పడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. తలుపు తెరిచే ఉన్నప్పుడు, ఎవరూ పిలవకుండా, నిద్రొచ్చిన కుక్కపిల్ల తనంతట తాను లోపలికి వెళ్లి పడుకోవాలి. కొన్నిటికి అది వారంలో వస్తుంది, కొన్నిటికి నెల పడుతుంది. ఆ నెలరోజులూ క్రేట్‌ను మంచం పక్కన ఉంచుకోగలరా, రాత్రికి ఒకటి రెండుసార్లు లేవగలరా అన్నది కుక్కపిల్లను తెచ్చుకోకముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.