హెచ్‌ఐవీకి తోడు దొంగ

1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ వారపత్రికలో ఓ చిన్న వార్త వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో 5గురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకిందనీ, వారిలో ఇద్దరు చనిపోయారనీ దాని సారాంశం. ఎయిడ్స్ గురించి వైద్యలోకానికి అందిన తొలి కబురు అదే. అందులో మరో మాటా ఉంది. ఆ 5గురిలోనూ సైటోమెగలో వైరస్ ఆనవాళ్లు దొరికాయి. దీన్నే డాక్టర్లు పొట్టిగా సీఎంవీ అంటారు. అసలు దొంగ ఇదేనేమోనని అప్పట్లో అనుమానించిన వాళ్లూ ఉన్నారు. 1983లో హెచ్‌ఐవీ బయటపడ్డాక, సీఎంవీ తోడు దొంగ మాత్రమేనని తేలింది.

ఈ తోడు దొంగ మనవాళ్లకు కొత్తేం కాదు. ఆటలమ్మ వైరస్‌కు దగ్గరి చుట్టం. తల్లిపాల ద్వారానో, ఉమ్మి ద్వారానో చిన్నప్పుడే ఒంట్లో చేరుతుంది. ఇక జీవితాంతం అక్కడే కాపురం. మనదేశంలో పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఇది ఉంటుంది. కాబట్టి తెలుగునాట పుట్టి పెరిగి డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడ్డవాళ్లలో చాలామంది దీన్ని వీసా లేకుండానే వెంటబెట్టుకొచ్చారన్నమాట!

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దీంతో పేచీ లేదు. అయితే దాన్ని అదుపులో పెట్టడానికి ఒళ్లు పడే పాట్లు తక్కువేం కాదు. పాత శత్రువుల్ని గుర్తుంచుకునే టీ కణాల్లో సుమారు పదో వంతు ఈ ఒక్క వైరస్‌ కాపలాకే సరిపోతున్నాయని 2005లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఊరి పోలీసుల్లో పదో వంతు ఒకే ఇంటి ముందు కూర్చున్నట్టు!

అలాంటి ఒంట్లోకి హెచ్‌ఐవీ వస్తే? అది ముందుగా సీడీ4 కణాల్ని దెబ్బతీస్తుంది. ఇవి మిగతా సైన్యానికి ఆజ్ఞలిచ్చే అధికారుల్లాంటివి. మామూలుగా 500కు పైన ఉండాల్సిన వీటి సంఖ్య 50 కంటే దిగజారితే సీఎంవీ జూలు విదిలిస్తుంది. కంటి రెటీనాను తినేసి చూపు పోగొడుతుంది. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక ఈ గుడ్డితనం బాగా తగ్గిపోయింది.

కథ అక్కడితో అయిపోలేదు. క్రమంగా మాత్రలు వేసుకుంటూ, రక్తంలో హెచ్‌ఐవీ కనిపించని స్థితికి వచ్చినవాళ్లలో కూడా సీడీ8 కణాలు తగ్గకుండా ఉండిపోతున్నాయి. ఇవి వైరస్ సోకిన కణాల్ని చంపే సిపాయిలు. సీఎంవీ మీద కాపలా కాసీ కాసీ ముసలివైపోయి, కొత్త శత్రువు మీదకు పోలేక, ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే పదార్థాలు మాత్రం వదులుతుంటాయి. అది రక్తనాళాల గోడలకు చేటు. సీడీ4ను సీడీ8తో భాగిస్తే వచ్చే అంకె 1కి పైన ఉండాలి. సీఎంవీ కూడా ఉన్నవాళ్లలో అది సాధారణంగా ఇంకా తక్కువగా ఉంటుంది. చాలామంది రిపోర్టులో సీడీ4 అంకె చూసుకుని మడిచి పెట్టేస్తారు. ఈ రెండో అంకె గురించి డాక్టర్ని అడిగేవాళ్లు తక్కువ.

మరి ఈ గొడవలో సీఎంవీ పాత్ర ఉందని రుజువేమిటి? 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 30 మందితో ఒక పరీక్ష చేశారు. హెచ్‌ఐవీ మందులు వాడుతున్నా సీడీ4 సరిగా పెరగనివాళ్లు వీళ్లు. కొందరికి సీఎంవీ మందు వాల్‌గాన్సిక్లోవిర్‌ను 8 వారాలు ఇచ్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు. అసలు మందు వేసుకున్నవాళ్లలో ఆవేశంతో ఉన్న సీడీ8 కణాలు తగ్గాయి. అలాగని అందరూ దాన్ని మింగడానికి లేదు. ఎముక మూలుగను దెబ్బతీసే మందు అది.

గుండె విషయంలో మాత్రం పనికొచ్చే కబురు 2023లో వచ్చింది. భారత్‌ సహా 12 దేశాల్లో 7,769 మంది హెచ్‌ఐవీ బాధితులపై జరిగిన రిప్రీవ్ అధ్యయనంలో, రోజూ పిటావాస్టాటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. మనవాళ్లకిది మరీ ముఖ్యం. ఎందుకంటే అమెరికా గుండె వైద్యుల 2018 నాటి కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో ముప్పు పెంచే అంశాలుగా హెచ్‌ఐవీనీ, దక్షిణాసియా సంతతినీ రెండింటినీ చేర్చారు.

షుగరు, బీపీల గురించి ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకునే మనం ఈ జబ్బు పేరెత్తితే గొంతు తగ్గిస్తాం. హెచ్‌ఐవీ ఉంటే అమెరికాలో అడుగుపెట్టనివ్వని నిబంధన 2010 జనవరిలోనే పోయింది. భయం మాత్రం చాలామందిని వదల్లేదు. దాంతో హెచ్‌ఐవీకి ఒక డాక్టరు, గుండెకు ఇంకో డాక్టరు, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. గుండె డాక్టరుకు చెప్పకపోతే ఆయన వేసే లెక్కలో ఆ పద్దు పడదు.